సరబాండ్‌లో నాలుగో వేలు

పోయిన వారం దిల్షాద్‌ని మనం మండే ఎండలో మిషన్ హాలు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో సెల్‌ఫోన్, ఫోన్‌లో బెంగళూరు. అక్కడి సంగీత కళాశాలలో పియానో కోర్సుకు ఈ పిల్ల దరఖాస్తు పెట్టుకుంది. ఆ కోర్సు చేసిన వాళ్లకు బడుల్లో సంగీతం టీచరు ఉద్యోగం ఖాయం. అయితే అందులో చేరాలంటే నేర్పిన గురువు స్వయంగా రాసి, కవరు అంటించి, పోస్టులో పంపే ఉత్తరం ఒకటి ఉండాలి. ఆ ఉత్తరం ఫిబ్రవరిలోనే పంపేశానని హెన్రీ సార్ చెప్పాడు. ఇప్పుడు ఏప్రిల్ నడుస్తోంది.

కొత్తగా కథలోకి వచ్చినవాళ్లకు ఇంకో రెండు ముక్కలు. దిల్షాద్‌కి ఇరవై మూడేళ్లు. కడప ఊరి చివర నాపబండల పాలిష్ యూనిట్ నడిపే మీరా హుస్సేన్‌కి ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్లుగా వారానికి నాలుగు మధ్యాహ్నాలు ఈ హాలుకొచ్చి హెన్రీ సార్ దగ్గర పియానో నేర్చుకుంటోంది. ఈ సంగతి తండ్రికి తెలియదు. ఆయన లెక్కలో కూతురు ఏడురోడ్ల దగ్గర కంప్యూటర్ కోచింగ్‌కి వెళ్తోంది. ఆరేళ్లుగా తెమలని ఆ కోచింగ్ ఏమిటని ఏ తండ్రికైనా అనుమానం రావాలి. మీరా హుస్సేన్‌కి రాలేదు, లేదా వచ్చినట్టు పైకి చూపించలేదు. మిషన్ కాంపౌండ్ అన్న మాట చెవిన పడితే అన్నం ముందునుంచి లేచిపోయే మనిషి ఆయన. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగరు. మనవరాలు ఎక్కడికి పోతోందో నాయనమ్మ నన్నీ బీకి మాత్రం తెలుసు. తెలిసీ నోరు మెదపదు.

ఫోన్‌లో బెంగళూరు ఆఫీసు అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మీ మాస్టర్ గారి లెటర్ మాకు ఇంతవరకూ రాలేదండీ. శనివారం ఆఖరు తేదీ. అది లేకపోతే మిమ్మల్ని ఆడిషన్‌కి పిలవడానికి లేదు."

"ఫిబ్రవరిలోనే పంపించినారండీ."

"మాకైతే రాలేదండీ."

ఆరోజు మంగళవారం. దిల్షాద్ ఫోను సంచిలో వేసుకుని, ముఖం చున్నీతో తుడుచుకుని లోపలికి నడిచింది.

హాలు చీకటిగా, ఉక్కగా ఉంది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడదీశారు గానీ కడప ఎండకు అవి గంటలో ఎండి అట్టలు కట్టేస్తాయి. చెప్పులు విప్పి నల్లటి నాపబండల మీద కాలు పెడితే మాత్రం ప్రాణం లేచొస్తుంది. బండకూ బండకూ మధ్య గోరు దూరనంత సందు. అంత శ్రద్ధగా పరిచినవాడు ఎవడో అని దిల్షాద్ ఎన్నడూ ఆలోచించలేదు. బండలవాళ్ల పిల్ల అయ్యుండీ ఆలోచించలేదు.

తూర్పు గోడకు ఆనించి నిలువు పియానో ఉంది. దొరల కాలంలో ఓడెక్కి వచ్చిన వస్తువు. దానికి హెన్రీ సార్ రెండు కట్టుబాట్లు పెట్టాడు. మొదటిది మూత. మీటల మీదికి వాలే ఆ పొడుగాటి చెక్క మూతను తీసేదీ వేసేదీ శిష్యులే. ఆరేళ్లలో ఆయన దాని మీద చెయ్యి వేయగా దిల్షాద్ ఒక్కసారి కూడా చూడలేదు. నడుం నొప్పి అంటాడు. రెండోది నీళ్ల ముంత. ఈ పొడి గాలికి లోపలి చెక్క పగిలిపోకుండా, కాళ్ల దగ్గర ఉండే పలక వెనక ఒక మట్టి ముంతలో నీళ్లు పెట్టి ఉంచుతారు. ఆ నీళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనే మారుస్తాడు. ఇంకెవరూ ఆ పలక ముట్టకూడదు, తీగలు పాడవుతాయంటాడు. పెద్దాయన చాదస్తమని శిష్యులందరూ సరేనన్నారు.

హెన్రీ సార్ పేము కుర్చీలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. అరవై దాటింది. ఈ ఎండలో కూడా చొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకునే మనిషి.

"ఏమ్మా, ఎవరో తరుముకొచ్చినట్ల వొచ్చినావే. ముందు నీళ్లు తాగు."

"సార్, బెంగళూరోళ్లకు మీ జాబు చేరలేదంట."

విసనకర్ర ఆగలేదు. "చేరలేదా? నేను ఫిబ్రవరిలోనే డబ్బాలో ఏసినా గదా. యాడో నిలిచిపోయింటాది. వొస్తాది లే."

"శనివారమే ఆఖరంట. ఇంగొకటి రాసియ్యండి సార్. ఈ రాత్రికే నేను బస్సెక్కి పోయి ఇచ్చొస్తా."

"గురువు జాబును శిష్యురాలే మోసుకుపోతే ఆ జాబుకు ఏం మర్యాద ఉంటాది తల్లీ? తొందరపడొద్దు. నీ ఎడం చెయ్యి ఇంగా శానా బరువుగా ఉండాది. ఈ ఏడు కాకుంటే వొచ్చే ఏడు. ముందు కూరాంట్ వాయించు."

వచ్చే ఏడు అన్న మాట ఆయన నోట ఇది మూడోసారి. దిల్షాద్‌కి ఒళ్లు మండిపోయింది. అయినా ఆరేళ్లు కొట్టకుండా, తిట్టకుండా, పైసా తీసుకోకుండా నేర్పిన మనిషిని ఏమనగలదు. మూత ఎత్తి, స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంది.

ఆమె నేర్చుకుంటున్నది మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒకాయన రాసిన సూట్. ఒకే శ్రుతిలో వరసగా అల్లిన నాలుగు నాట్యాలు: అలమాండ్, కూరాంట్, సరబాండ్, జీగ్. నాట్యాలని పేరే గానీ ఎవరూ ఆడరు, కూర్చుని వాయించడమే. బెంగళూరు ఆడిషన్‌లో నాలుగూ వాయించాలి. హెన్రీ సార్ మాత్రం ఒక్కొక్క పేజీ జెరాక్స్ తీసి, పొదుపుగా, రేషన్ బియ్యం కొలిచినట్టు ఇస్తాడు. అలమాండ్ ఇచ్చి ఏడాదిన్నర అయింది. కూరాంట్ పోయిన దసరాకి ఇచ్చాడు. సరబాండ్ అడిగితే ఇంకా చేతికి రాలేదంటాడు. జీగ్ ఊసే ఎత్తనివ్వడు. జీగ్ దాకా వచ్చినవాళ్లు తన దగ్గర నిలవరని ఒకసారి నోరు జారాడు కూడా.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. మూడు వారాల కిందట చాక్‌పీస్ కోసం బీరువా వెతుకుతుంటే, అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి దిల్షాద్ చేతికి తగిలింది. సూట్ మొత్తం అందులో ఉంది, పెన్సిల్‌తో వేసిన వేళ్ల నంబర్లతో సహా. ఏ స్వరానికి ఏ వేలు పెట్టాలో చెప్పే అంకెలు అవి: బొటనవేలు ఒకటి, చిటికెన వేలు ఐదు. దిల్షాద్ పుస్తకం సంచిలో దాచుకుంది. హెన్రీ సార్ భోజనానికి ఇంటికెళ్లే గంటలో, ఆయా గురమ్మను బతిమాలి తాళం తీయించుకుని, ఆ అంకెలు చూసుకుంటూ సరబాండ్ మొత్తం నేర్చేసుకుంది.

"కూరాంట్ కాదు సార్. సరబాండ్ వాయిస్తా."

విసనకర్ర అప్పుడు ఆగింది.

ఆయన వద్దనేలోగా ఆమె మొదలుపెట్టింది. సరబాండ్‌ది మూడు అడుగుల నడక. మొదటి అడుగు వేసి, రెండో అడుగు మీద ఒళ్లంతా ఆన్చి ఆగి, మూడోది ఆలస్యంగా ఈడ్చుకుంటూ వస్తుంది. శవాన్ని మోసేవాళ్లు దారిలో భుజం మార్చుకోవడానికి ఆగినట్టు ఉంటుందని దిల్షాద్‌కి అనిపించేది. ఆ ఆగడం ఆమెకు ఇష్టం. భయం కూడా. ఎడమ చేతి వైపు చివర, బాగా కింది స్థాయిలో ఉన్న జి అనే స్వరం మీట దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆ పాడు చప్పుడు వచ్చింది. స్వరం వెనకాల ఏదో రెపరెపలాడుతున్నట్టు, సన్నటి జర్ మనే చప్పుడు. రెండు నెలలుగా వస్తోంది. చెక్క ఎండిందని హెన్రీ సార్ తేల్చేశాడు.

మళ్లీ అదే మీట. మళ్లీ జర్.

"ఆపు."

ఆపింది. హెన్రీ సార్ ఎప్పుడు లేచాడో, ఆమె ఎడమ భుజం వెనక నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం వైపు కాదు, చేతి వైపు చూస్తున్నాడు.

"ఆ మీట మీద నాలుగో వేలు పెట్టమని నీకు ఎవరు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది సార్. మీరు రాసిందే గదా."

"ఏ పుస్తకం?"

ఇక దాచి లాభం లేదు. సంచిలోంచి తీసి స్టాండు మీద పెట్టింది. హెన్రీ సార్ దాన్ని తాకలేదు. రెండడుగులు వెనక్కి వేసి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ఒక పుస్తకాన్ని చూసి అంత పెద్దమనిషి వెనక్కి తగ్గడం దిల్షాద్ ఎక్కడా చూడలేదు. అప్పటిదాకా ఉన్న కోపం పోయి ఆమెకు గుబులు మొదలైంది.

"దొంగతనంగా తీసినందుకు తప్పయిపోయింది సార్. గానీ ఈ నాలుగో వేలు నాకు శానా కష్టంగా ఉండాది. మూడు వారాల నుంచి ఉంగరం వేలు ఒకటే నొప్పి. ఆడ చిటికెన వేలైతే సుఖంగా అందుతాది గదా. మీరు ఐదును రుద్దేసి నాలుగు ఏంటికి రాసినారు?"

అడుగుతూనే పేజీ వైపు చూసింది. ఇక్కడ దిల్షాద్ చేసిన పొరపాటు మనం ఒప్పుకోవాలి. వేళ్ల నంబర్లు ఎవరివి వాళ్లే రాసుకోవాలి, ఒకరి చేతి కొలత ఇంకొకరికి పనికిరాదని హెన్రీ సార్ మొదటి రోజే చెప్పాడు. ఆయన బీరువాలో ఉంది కాబట్టి ఆయన అంకెలే అనుకుని, ముక్కూ మొహం తెలియని చేతికి తన చేతిని మూడు వారాలు అప్పగించింది.

ఇప్పుడు కుదురుగా చూసింది. అలమాండ్‌లో ఎడమ చేతికి ఐదులు ఉన్నాయి. కూరాంట్‌లో ఉన్నాయి. సరబాండ్‌లో కూడా మొదట ఐదులే రాశారు. తర్వాత ఒక్కొక్క ఐదునూ కాగితం పలచబడేలా రబ్బరుతో రుద్ది, పైన నాలుగు వేశారు. ఒక్కటి కూడా వదల్లేదు. కుడి చేతి ఐదుల జోలికి పోలేదు. సరబాండ్ పైన రెండు తేదీలు ఉన్నాయి. మొదటిది జనవరి తొంభై తొమ్మిది. దాని కింద ఏప్రిల్ తొంభై తొమ్మిది. జీగ్ పేజీలు ఖాళీ, ఒక్క అంకె కూడా లేదు.

ఎడమ చేతికి చిటికెన వేలు ఉండి, సరబాండ్ సగంలో లేకుండా పోయిన మనిషి.

ఇంతకుముందు కనపడీ పట్టించుకోనిది ఇంకొకటి ఇప్పుడు కళ్ల ముందుకొచ్చింది. కొన్ని అంకెల కింద చిన్న చుక్క ఉంది. చేతికి పట్టుబడ్డ చోటల్లా చుక్క. బండల యార్డులో పుట్టి పెరిగిన పిల్లకు ఆ చుక్క గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బండ అంచు మీద కొలత రాసి, రెండోసారి సరిచూశాక కింద చుక్క పెడతారు. చుక్క పడిందంటే ఆ బండను ఇంక ముట్టుకోనక్కర్లేదని అర్థం. పైన కొసలు కలపకుండా రాసే ఆ నాలుగు అంకెను, దాని కింద ఆ చుక్కను ఆమె పలక పట్టని వయసు నుంచీ చూస్తోంది.

పొద్దున తండ్రి టీ సాసరు పట్టుకున్న తీరు గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి. సాసరు అడుగున ఉంగరం వేలు ఒక్కటే బరువు మోస్తోంది. పక్కన ఉండాల్సిన వేలు లేదు. దిల్షాద్ పుట్టిన ఏడు పాలిష్ మిషన్‌లో పడి పోయిందని ఇంట్లో చెప్పిన వేలు అది. దిల్షాద్ పుట్టింది రెండువేల రెండులో. పాలిష్ యూనిట్ పెట్టింది రెండువేల ఒకటిలో. పుస్తకంలో తేదీ తొంభై తొమ్మిది.

"సార్," అంది నెమ్మదిగా. "ఇది మా అబ్బా చేతిరాత."

హెన్రీ సార్ కుర్చీలో కూర్చున్నాడు. కాదంటాడేమోనని ఆమె ఆశగా చూసింది.

"ఈ హాలుకు బండలు పరిచింది మీ నాయనే," అన్నాడు చివరికి. "తొంభై ఎనిమిదిలో. ఇరవై ఒక్కేండ్లో, ఇరవై రెండేండ్లో ఆ పొద్దు ఆయప్పకు. పగలంతా బండలు పరిచేవాడు, సాయంత్రం నేను వాయిస్తాంటే ఆ మూల కూచోని ఇనేవాడు. పని అయిపోయినా రావడం మానలేదు. ఏమప్పా మీరా, పని అయిపోయింది గదా అంటే, ఆ నల్ల మీటలు ఏంటికి సార్ అని అడిగినాడు. నేర్పినా. నేను రెండేండ్లకు నేర్చుకునింది ఆయప్ప నాలుగు నెలల్లో నేర్చుకునె."

చివరి మాట అన్నప్పుడు ఆయన మూతి ఒక పక్కకు వంగింది. అది నవ్వు కాదు.

"మాకు ఎప్పుడూ చెప్పలేదు."

"ఏమని చెప్తాడు? మద్రాసులో పెద్ద టీచరమ్మ ఒకామె ఉండె. ఇట్ల ఒక పిల్లోడు ఉండాడు, చేర్చుకోండి అని జాబు రాసినా. జవాబు రాలేదు. ఈలోగా ఒకనాడు మీ నాయన వాయిస్తాండగా ఈ మూత జారి పడింది. దీని అంచుకు ఇనప పట్టీ ఉండాది సూడు. వేలు నలిగిపోయె. ఆస్పత్రిలో తీసేసినారు."

"జారి పడిందా?"

"అదంతట అదే పడింది. పాత వస్తువు గదా."

తండ్రి మీద ఆమెకు అంత జాలి ఎప్పుడూ కలగలేదు. బండ పొడి పట్టిన చేతులతో ఈ స్టూలు మీద కూర్చున్న ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ని తలుచుకుంటే ఏడుపొచ్చింది. అయినా లెక్క ఎక్కడో కుదరలేదు.

"వేలు పోయినాక కూడా మా అబ్బా ఈడికే వొచ్చినాడు గదా సార్. ఏప్రిల్ తేదీ ఉండాది. ఐదులన్నీ రుద్దేసి నాలుగు వేళ్లతో మొత్తం నేర్చుకునినాడు. అంత పట్టు ఉండే మనిషి ఏంటికి ఆపేసినాడు?"

"మద్రాసు జవాబు కోసరం ఎదురుచూసినాడు. రోజూ అడిగేవాడు. రాల్యా. ఒక దినం పుస్తకం ఆడ పెట్టి లేచిపోయినాడు. మల్ల ఈ గేటు తొక్కలేదు." హెన్రీ సార్ ముందుకు వంగాడు. "దిల్షాద్, ఇదంతా మీ నాయన దగ్గర ఎత్తొద్దు. నువ్వు ఈడికి వొస్తాండావని తెలిస్తే నీ చదువు ఆ పొద్దే నిలిచిపోతాది. నీ మంచికే చెప్తాండా. ఆ పుస్తకం నాకు ఇచ్చేయ్. ఆ సరబాండ్ ఈ ఏడు వొద్దు."

నీ మంచికే అన్న మాటలో తీపి ఉంది. ఆరేళ్లుగా అలవాటైన తీపే. ఈసారి మింగుడు పడలేదు.

సరిగ్గా అప్పుడే గురమ్మ తలుపు దగ్గరకొచ్చి తొంగి చూసింది. "హెన్రీసారూ, ఆఫీసులో పిలుస్తాండారు. ఎవరో వొచ్చినారంట, బిన్న రమ్మన్న్యారు, ఆలస్యం చెయ్యొద్దంట."

హెన్రీ సార్ లేచాడు. పుస్తకం వైపు చూశాడు, తీసుకోవడానికి చెయ్యి రాలేదు. "మూత ఏసి ఇంటికి పో. ఏమీ ముట్టొద్దు," అని చెప్పి గురమ్మ వెంట వెళ్లాడు. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు దూరమైంది.

దిల్షాద్ చెప్పినట్టే వినబోయింది. లేచి, మూత అంచు ఒక చేత్తో పట్టుకుని కిందికి లాగింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. రోజూ ఆగేదే. కీలు బిగుసుకుపోయి ఉంటుంది, రెండు చేతులూ పెట్టి ఒళ్లు ఆన్చి నొక్కితే గానీ దిగదు. ఆరేళ్లుగా రోజూ చేస్తున్న పని. ఇవాళ మాత్రం ఆ సగంలో ఆగిన మూతను వదిలేసి దూరంగా నిలబడి చూసింది. అది పడలేదు. అంచు మీద రెండుసార్లు అరచేత్తో కొట్టింది. ఊగింది గానీ పడలేదు.

అప్పట్లో వదులుగా ఉండేదేమో. పాతికేళ్లలో బిగుసుకుందేమో. మంచి మనిషి గురించి చెడ్డగా అనుకోవడం ఆమెకు చేతకాదు, అందుకే ఆయన తరఫున తానే సాకులు వెతికింది. మూత మళ్లీ పైకి ఎత్తేసింది. పోయేముందు ఆయనకు ఒక మంచి పని చేసిపెడదామనుకుంది కూడా. చెక్క ఎండి జర్ మంటోందన్నాడు కదా, ముంతలో నీళ్లు అయిపోయి ఉంటాయి. సంచిలో నీళ్ల సీసా సగం ఉంది. ఏమీ ముట్టొద్దన్నాడు నిజమే. నీళ్లు పోస్తే ఎవరు తిడతారు?

మోకాళ్ల మీద కూర్చుని పలక పైన వేళ్లతో తడిమితే చిన్న స్ప్రింగు తగిలింది. నొక్కగానే పలక ముందుకు ఒరిగింది. లోపల్నుంచి పాత చెక్క వాసన, తడి మట్టి వాసన వచ్చాయి. ముంత కనిపించింది.

ముంత నిండుగా ఉంది. అంచు దాకా నీళ్లు.

చెక్క ఎండలేదు. మరి చప్పుడు ఎక్కడిది? ఫోన్ లైటు వేసి లోపలికి చూసింది. ఎడమ వైపు లావు తీగలు కిందికి దిగుతున్న చోట, వాటికి ఆనుకుని తెల్లగా ఒక కాగితం అంచు కనిపించింది. రెండు వేళ్లతో పట్టి లాగింది. గీసుకుంటూ బయటికి వచ్చింది.

కవరు. అంటించిన కవరు. పైన బెంగళూరు సంగీత కళాశాల చిరునామా, హెన్రీ సార్ గుండ్రటి అక్షరాల్లో. మూలన పంపినవారి పేరు, దాని కింద 'శిష్యురాలు దిల్షాద్ గురించి'. స్టాంపులు అంటించి ఉన్నాయి. వాటి మీద పోస్టాఫీసు ముద్ర లేదు.

దిల్షాద్ నేల మీదే కూర్చుండిపోయింది. రెండు నెలలుగా ఆ మీట నొక్కినప్పుడల్లా జర్ మన్నది తన ఉత్తరమే. ఇంగా శానా బరువుగా ఉండాది నీ ఎడం చెయ్యి అని ఆయన తల ఊపుతూ చెప్పిన ప్రతిసారీ, ఆ ఉత్తరం ఆమె మోకాళ్లకు జానెడు దూరంలోనే ఉంది. ఆమెకు ఏడుపు రాలేదు.

పలక మళ్లీ పెట్టేయబోతుంటే, లైటు వెలుగులో, ముంత కింద పీటలా పెట్టిన చెక్క ముక్క అడుగున ఇంకేదో కనిపించింది. ముంత పక్కకు జరిపి, చెక్క ఎత్తింది. దుమ్ము అట్టలా పేరుకున్న ఇంకో కవరు. నీటి చెమ్మకు ఒక మూల మరక కట్టింది. ఇంగువ రంగుకు తిరిగిన కాగితం మీద అవే గుండ్రటి అక్షరాలు. మద్రాసు చిరునామా. మూలన 'బండలు పరిచే కుర్రవాడు మీరా హుస్సేన్ గురించి'. దీని మీద స్టాంపులకూ ముద్ర లేదు.

రోజూ అడిగేవాడు, అన్నాడు హెన్రీ సార్. రోజూ అడగడానికి వచ్చి, ఈ స్టూలు మీద కూర్చుని, నాలుగు వేళ్లతో సరబాండ్ వాయిస్తూ, జవాబు కోసం ఎదురుచూశాడు అబ్బా. జాబు తన కాళ్ల దగ్గరే ఉండగా. కోపం అంటే ఏమిటో దిల్షాద్‌కి అప్పుడు తెలిసింది. ఇంతవరకు వచ్చినవన్నీ చిరాకులు.

రెండు కవర్లూ చున్నీలో చుట్టి సంచిలో వేసుకుంది. ముంత ఉన్నచోటే పెట్టి, పలక బిగించింది. వెళ్లిపోతే సరిపోయేది. ఇప్పటికిప్పుడు గేటు దాటి, ఆటో ఎక్కి, యార్డులో తండ్రి ముందు ఆ పాత కవరు పెట్టేస్తే ఈ కథ ఇంకో దారి పట్టేది. కానీ ఆమె వాయించే మనిషి. ఒక్కటి తేల్చుకోకుండా కదల్లేకపోయింది. ఇన్నాళ్లూ వినపడిన చప్పుడు నిజంగా ఆ కవరుదేనా?

స్టూలు మీద కూర్చుంది. ఎడమ చెయ్యి చాచి, తండ్రికి లేని ఆ చిటికెన వేలిని, మూడు వారాల్లో మొదటిసారి, కింది జి మీట మీద పెట్టి నొక్కింది.

స్వరం లోతుగా, శుభ్రంగా, ఏ జర్ లేకుండా మోగింది. ఆమె వేలు తీయలేదు. మోగుతూ మోగుతూ అది హాలు చివరిదాకా పోయింది, తెరిచిన తలుపులోంచి బయటికి, మెట్ల మీదికి కూడా పోయుంటుంది. ఆ జర్ చప్పుడు ఎందుకు ఆగిపోయిందో, తను కాక, తెలిసిన మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

వెనక్కి తిరగబోయింది. బండల మీద చెప్పుల్లేని కాళ్లు నడిచొస్తే వినపడదు.

"ముంతలో నీళ్లు సూసినావా తల్లీ," అన్నాడు హెన్రీ సార్, ఆమె చెవి పక్కన.

ఆమె రెండు భుజాల మీదుగా రెండు చేతులు ముందుకు వచ్చాయి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మూతను తాకని ఆ చేతులు దాని అంచును రెండు పక్కలా గట్టిగా పట్టుకున్నాయి. దిల్షాద్ ఎడమ చెయ్యి ఇంకా మీటల మీదే ఉంది.